మాస్కు... మనకోసం కాదు!

కేసులు కాస్త తగ్గాయనగానే 'ఇంకా ఈ మాస్కులెందుకండీ' అనే మాట మొదలవుతుంది. వందేళ్ల కిందట శాన్‌ఫ్రాన్సిస్కో అలాగే అంది. కొవిడ్‌లో ప్రపంచమంతా అంది. కట్టుకున్నవాళ్లకి విసుగు పుట్టడం సహజమే. మరి ఆ మాస్కు ఎవరి కోసం కట్టుకున్నామో, వాళ్ల సంగతేంటి?

1918 నవంబరు 21. శాన్‌ఫ్రాన్సిస్కోలో మధ్యాహ్నం పన్నెండు కాగానే ఊరంతా సైరన్లు మోగాయి. ఆ మోత కోసమే కాచుకుని ఉన్న జనం మూతికి కట్టుకున్న గాజుగుడ్డలు పీకి వీధుల్లోకి విసిరేశారు. కాలిబాటల నిండా తెల్లగుడ్డ ముక్కలే.

స్పానిష్ ఫ్లూ ఆ ఊరిని కమ్మేయడంతో అక్టోబరు చివర్లో మాస్కు తప్పనిసరి చేశారు. కట్టుకోనివాళ్లకు జరిమానా, మరీ మొండికేస్తే జైలు. బాక్సింగ్ పోటీ చూడ్డానికి మాస్కు లేకుండా వెళ్లి ఫొటోకి దొరికిపోయిన మేయర్ జేమ్స్ రాల్ఫ్‌కే 50 డాలర్ల జరిమానా పడింది. నవంబరు 11న మొదటి ప్రపంచయుద్ధం ముగిసిందన్న కబురు రాగానే జనం మాస్కులతోనే వీధుల్లో చిందులేశారు. కేసులు తగ్గుముఖం పట్టాయి. ఇక చాలన్నారు, సైరన్ మోగించారు.

డిసెంబరులో జబ్బు మళ్లీ తలెత్తింది. మాస్కులు తిరిగి పెట్టిద్దామని నగర ఆరోగ్యాధికారి విలియం హాస్లర్ మొత్తుకున్నారు. క్రిస్మస్ బేరాలు పోతాయని వ్యాపారులు అడ్డుపడ్డారు. నగరపాలక మండలి ఒప్పుకునేసరికి జనవరి వచ్చింది. 17 నుంచి మళ్లీ మాస్కు తప్పనిసరి. ఈసారి జనం తిరగబడ్డారు. 'యాంటీ మాస్క్ లీగ్' పేరుతో సంఘం పెట్టి, స్కేటింగ్ రింక్‌లో సభ జరిపితే వేలమంది వచ్చారు. ఫిబ్రవరి 1న నిబంధన ఎత్తేశారు. అయిదు లక్షల జనాభా ఉన్న ఊళ్లో ఆ ఫ్లూ మూడువేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది.

ఆనాటి మాస్కుల మీద మరీ భ్రమలు అక్కర్లేదు. పలచటి గాజుగుడ్డ, వదులుగా కట్టిన ముడి, పక్కలనుంచి గాలి. కాలిఫోర్నియా ఆరోగ్య శాఖలోనే పనిచేసిన కెలాగ్ ప్రయోగాలు చేసి, ఆ గుడ్డలు ఆశించినంత పని చేయలేదని 1920లో తేల్చారు. గుడ్డ నాణ్యత ఒక ప్రశ్న. దాన్ని ఎప్పుడు తీయాలన్నది ఇంకో ప్రశ్న. వందేళ్లలో గుడ్డ చాలా మెరుగుపడింది. రెండో ప్రశ్న దగ్గర మాత్రం మనం పెద్దగా కదల్లేదు.

ఏటి మధ్యలో తెప్ప

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ల మీద మనకో సామెత ఉంది. మాస్కుల విషయంలో ప్రభుత్వాలూ జనమూ కలిసి చేసింది అంతకన్నా వింత. ఏటి మధ్యలోనే తగలేశారు.

టీకాలు అందరికన్నా వేగంగా వేసిన ఇజ్రాయెల్ 2021 జూన్ 15న నాలుగు గోడల మధ్య మాస్కు అక్కర్లేదంది. పదిరోజులకే, జూన్ 25న, మళ్లీ కట్టుకోమంది. అమెరికాలో వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఆ ఏడాది మే 13న 'టీకా పూర్తిగా వేసుకున్నవాళ్లు మాస్కు తీసేయొచ్చు' అని ప్రకటించింది. ఎవరు వేసుకున్నారో ఎవరు వేసుకోలేదో మొహం చూసి చెప్పలేం కదా, అందరూ తీసేశారు. డెల్టా రకం ఊపందుకోవడంతో జులై 27న సీడీసీ మాట మార్చుకోవాల్సి వచ్చింది.

మన దగ్గర 2021 ఫిబ్రవరిలో దేశం మొత్తమ్మీద రోజువారీ కొత్త కేసులు పదకొండు వేల దరిదాపులకు దిగాయి. మాస్కు ఉత్తర్వులు కాగితం మీద అలాగే ఉన్నాయి. మాస్కులే మూతి మీద లేవు. గడ్డం కిందకి జారినవి కొన్ని, ఆటో అద్దానికి వేలాడినవి కొన్ని. పెళ్లిళ్లలో పట్టుచీరకి మ్యాచింగ్‌గా కుట్టించుకున్న మాస్కులు సైతం ఫొటోగ్రాఫర్ రాగానే పర్సులోకి వెళ్లిపోయేవి. మే మొదటివారానికి రోజుకి నాలుగు లక్షల కేసులు. ఆ ఉప్పెనకి డెల్టా వేగం, సభలు, ఉత్సవాలు, ఎన్నికలు, టీకాల కొరత అన్నీ కారణాలే. నేరమంతా మాస్కు మీదకి నెట్టలేం. కానీ అది జారిన సమయం మాత్రం సరిగ్గా అదే.

ఎందుకిలా జరుగుతుంది? నిబంధన పనిచేస్తున్నప్పుడే అది అనవసరంగా కనపడుతుంది. రాని జబ్బు ఎవరి కంటికీ ఆనదు, చెవి వెనక తాడు ఒరుసుకోవడం మాత్రం అందరికీ తెలుస్తుంది. పైగా ఇవాళ పేపర్లో వచ్చే కేసుల లెక్క ఏ వారం పదిరోజుల కిందటి అంటుదో. ఆ అంకె చూసి మాస్కు తీయడమంటే నిన్నటి వాతావరణం చూసి ఇవాళ గొడుగు పారేయడమే.

పుట్టిందే ఎదుటివాళ్ల కోసం

ఆపరేషన్ థియేటర్లో డాక్టర్లు మాస్కు పెట్టుకునేది రోగి నుంచి తమకేమీ అంటకూడదనే అని చాలామంది అనుకుంటారు. దాని పుట్టుక వేరు. 1897లో అప్పటి జర్మనీలోని బ్రెస్లావ్ నగరంలో కార్ల్ ఫ్లూగ్గె అనే శాస్త్రవేత్త మాట్లాడేటప్పుడు నోటి నుంచి పడే సన్నటి తుంపర్లలో సూక్ష్మజీవులు ఉంటాయని చూపించారు. అది తెలిసి అదే ఊరి సర్జన్ యోహాన్ మికులిచ్ మూతికి గాజుగుడ్డ కట్టుకుని ఆపరేషన్లు మొదలుపెట్టారు. పారిస్‌లో పాల్ బెర్జె అదే ఏడు అదే పని చేశారు. ఇద్దరి ఉద్దేశమూ ఒకటే. డాక్టరు నోటి తుంపర రోగి గాయంలో పడకూడదు.

ఆ ఆలోచన మనకు కొత్తేం కాదు. స్థానకవాసి జైన సాధువులు నోటికి కట్టుకునే ముహపత్తి తమ ఊపిరి వేడికి చిన్న ప్రాణులు చావకూడదనే. పార్సీ పూజారులు పవిత్రాగ్ని ముందు నిలబడేటప్పుడు మూతికి తెల్లగుడ్డ కట్టుకునేది తమ శ్వాస అగ్నిని మైల పరచకూడదని. కట్టుకున్నవాడికి కలిగే లాభం ఈ రెంటిలోనూ లెక్కలోకే రాదు.

మాస్కు థియేటర్ దాటి బయటికొచ్చాక ఆ లెక్క మారింది. 1910-11 చలికాలంలో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు పుట్టింది. పెనాంగ్‌లో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన 31 ఏళ్ల డాక్టర్ వూ లియెన్-తే హార్బిన్ వెళ్లి, ఈ జబ్బు ఎలుకల వల్ల కాదు, మనిషి నుంచి మనిషికి గాలిలోనే పాకుతోందన్నారు. దూది పొదిగిన గాజుగుడ్డ మాస్కు చేయించి డాక్టర్లకీ నర్సులకీ రోగులకీ కట్టించారు. ఆయన మాట నమ్మని సీనియర్ ఫ్రెంచి డాక్టర్ మెనీ మాస్కు లేకుండానే రోగుల్ని చూశారు. కొద్దిరోజులకే అదే ప్లేగుతో చనిపోయారు. ఆ మరణం తర్వాత మాస్కంటే 'మనల్ని కాపాడేది' అన్న నమ్మకం బలపడింది. ఫ్లూ నాటికి అదే స్థిరపడింది.

ఆ నమ్మకమే తర్వాత్తర్వాత వాదనకి దారి తీసింది. నా మాస్కు నన్ను కాపాడేదే అయితే తీసేసే హక్కూ నాదే, నా ప్రాణం నా ఇష్టం అంటారు. కానీ కొవిడ్‌లో దగ్గూ జ్వరమూ రాకముందే, కొందరికైతే అసలు లక్షణాలే లేకుండా, వైరస్ పక్కవాళ్లకి పాకింది. 'నాకేం లేదు' అని గట్టిగా చెప్పగల స్థితిలో ఎవరూ లేరు.

గినీ పందుల సాక్ష్యం

నా మాస్కు నిజంగా ఎదుటివాళ్లని కాపాడుతుందా? దీనికి దొరికిన చక్కటి సాక్ష్యం కొవిడ్‌కి ముందుది, క్షయకి సంబంధించింది. దక్షిణాఫ్రికాలో మందులకు లొంగని క్షయ రోగుల వార్డు ఒకటి. అందులోని గాలిని గొట్టాల ద్వారా పైనున్న రెండు గదుల్లోకి పంపే ఏర్పాటు చేశారు. ఒక్కో గదిలో 90 గినీ పందులు. వార్డులో రోగులు ఒకరోజు సర్జికల్ మాస్కు పెట్టుకునేవారు, మర్నాడు పెట్టుకునేవారు కాదు. మాస్కు ఉన్న రోజు గాలి ఒక గదికి, లేని రోజు గాలి రెండో గదికి. ఇలా మూడు నెలలు. మాస్కు లేని రోజుల గాలి పీల్చిన 90లో 69కి క్షయ అంటింది. మాస్కు ఉన్న రోజుల గాలి పీల్చిన 90లో 36కే. 2012లో అచ్చయిన ఈ అధ్యయనంలో మాస్కు పెట్టుకున్నది రోగులు, లాభపడింది పైగదిలోని జీవులు. ఎన్‌95 కూడా కాదు, మందుల షాపులో అట్టపెట్టెలో దొరికే మామూలు మాస్కు.

మాస్కులు దండగనేవాళ్లు డెన్మార్క్ అధ్యయనాన్ని ముందుకు తెస్తారు. 2020లో దాదాపు ఆరువేల మందిపై జరిపిన ఆ పరీక్షలో మాస్కు పెట్టుకోమన్న వర్గంలో 1.8 శాతానికి, మిగతా వర్గంలో 2.1 శాతానికి కొవిడ్ సోకింది. కచ్చితంగా ఇంత లాభమని చెప్పడానికి ఆ తేడా చాలదు. అయితే వాళ్లు కొలిచింది పెట్టుకున్నవాళ్ల రక్షణనే. వాళ్ల చుట్టూ ఉన్న జనం మాస్కులు పెట్టుకోలేదు. ఎదుటివాళ్లకు ఒరిగేదేమిటో ఆ పరీక్ష అడగలేదు, కాబట్టి చెప్పలేదు.

ఊళ్లకు ఊళ్లని తీసుకుని అడిగిన పరీక్ష బంగ్లాదేశ్‌లో జరిగింది. 600 గ్రామాలు, దాదాపు మూడు లక్షల నలభై వేల మంది. సగం ఊళ్లలో మాస్కులు ఉచితంగా పంచి, పెట్టుకోమని పక్కనుండి గుర్తుచేశారు. మాస్కు సరిగ్గా పెట్టుకునేవాళ్లు వందలో 13 నుంచి 42కి పెరిగారు. సర్జికల్ మాస్కులు పంచిన ఊళ్లలో లక్షణాలతో బయటపడి రక్తపరీక్షలో తేలిన కొవిడ్ 11 శాతం దాకా తగ్గింది. అరవై దాటినవాళ్లలో ఆ తగ్గుదల 35 శాతం. బట్ట మాస్కుల విషయంలో ఫలితం అంత స్పష్టంగా రాలేదు. ఊళ్లో సగం మంది కూడా పెట్టుకోకపోయినా పెద్దవాళ్లకి అంత మేలు జరిగింది.

ఎవరా ఎదుటివాళ్లు?

ఏ పెద్దాసుపత్రి ఓపీలోనైనా ఓ గంట కూర్చుంటే తెలుస్తుంది. కీమో చేయించుకుని జుట్టు రాలిన తలకి చున్నీ చుట్టుకున్న అమ్మాయి. చేతిమీద ఫిస్టులా ఉబ్బు కనపడకుండా పొడుగుచేతుల చొక్కా వేసుకున్న డయాలసిస్ పేషెంటు. కిడ్నీ మార్పిడి జరిగి, శరీరం దాన్ని తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతున్న మాస్టారు. టీకా వేసుకున్నా వీళ్లలో చాలామంది ఒంట్లో అది అందరికీ ఇచ్చినంత కాపుదల ఇవ్వదు. వరసలో వాళ్ల వెనకే మూడునెలల పసిబిడ్డని ఎత్తుకున్న తల్లి.

'అంత భయమైతే ఇంట్లో కూర్చోవచ్చుగా' అన్నది మనందరి చెవినా పడ్డ మాటే. డయాలసిస్ పేషెంటు వారానికి రెండు మూడుసార్లు రావాల్సిందే. కారు లేకపోతే షేర్ ఆటోలోనో ఆర్టీసీ బస్సులోనో రావాలి. సినిమా హాలుకి వెళ్లాలా వద్దా అన్నది మనం తేల్చుకోవచ్చు. ఆసుపత్రికీ రేషన్ షాపుకీ మందుల దుకాణానికీ వెళ్లకుండా ఉండటం ఎవరి చేతిలోనూ లేదు.

2022 ఏప్రిల్ 18న ఫ్లోరిడాలో ఒక ఫెడరల్ జడ్జి విమానాల్లో, రైళ్లలో మాస్కు నిబంధన చెల్లదని తీర్పిచ్చారు. కొన్ని విమానాలు అప్పటికే గాల్లో ఉన్నాయి. పైలట్ ఆ కబురు చెప్పగానే ప్రయాణికులు చప్పట్లు కొట్టి మాస్కులు ఊడబీకిన వీడియోలు ప్రపంచమంతా చూసింది. అప్పటికి అమెరికాలో అయిదేళ్లలోపు పిల్లలకి టీకా రాలేదు. అందరూ మాస్కుతో ఉంటారు కదా అన్న ధైర్యంతో పసివాళ్లతో ఎక్కినవాళ్లకి నడి ఆకాశంలో దిగిపోయే వీలెక్కడిది?

అడిగే భారం

నిబంధన తీసేసి 'ఎవరిష్టం వాళ్లది' అన్న రోజు నుంచి ఒక పని బలహీనుల నెత్తిన పడుతుంది. ఎదుటివాళ్లని 'కాస్త మాస్కు పెట్టుకోండి' అని అడగడం. ఆ మాట ఎంత బరువో 2020 జూన్‌లో నెల్లూరు చూపించింది. పర్యాటక శాఖ హోటల్ కార్యాలయంలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ఒక దివ్యాంగురాలు తన పై అధికారిని మాస్కు పెట్టుకోమని అడిగింది. అంతే. అతను ఆమెని జుట్టు పట్టి లాగి చితకబాదాడు. సీసీ కెమెరాకి చిక్కిన ఆ దృశ్యం బయటికొచ్చాక అతన్ని అరెస్టు చేశారు. నిబంధన ఉన్న రోజుల్లోనే అడిగినందుకు అంత జరిగింది. అదీ లేకపోతే అడిగే నోరెవరికుంటుంది? ఆటోడ్రైవర్‌ని ప్యాసింజరు అడగాలా? డాక్టర్‌ని రోగి అడగాలా? దొరని పనిమనిషి అడగాలా?

పొగతాగడం విషయంలో ఈ చిక్కుముడి ఎప్పుడో విప్పుకున్నాం. 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడంపై నిషేధం గట్టిగా అమల్లోకి వచ్చింది. అంతకుముందు హోటల్లో పక్క టేబుల్ మీద సిగరెట్ వెలిగితే దగ్గుతూ కూర్చోవాలి, లేదా గొడవ పెట్టుకోవాలి. ఇప్పుడు గోడమీద బోర్డే ఆ మాట చెబుతుంది. నిబంధన చేసే అసలు ఉపకారం అదే. చిన్నవాడు పెద్దవాణ్ని ప్రాధేయపడే అవసరం తప్పిస్తుంది.

అయితే నెల్లూరుకి అవతలి పేజీలో చీరాల ఉంది. నెల తిరక్కుండానే, 2020 జులైలో, మాస్కు లేదని పోలీసులు ఆపిన ఒక దళిత యువకుడు తీవ్ర గాయాలతో చనిపోయాడు. కొట్టి చంపారని కుటుంబం ఆరోపించింది. ఎస్సైని సస్పెండ్ చేసి కేసు పెట్టారు. ప్రాణాలు కాపాడ్డానికి పెట్టిన నిబంధన లాఠీ చేతికి అందితే అది ఎవరి మీద పడుతుందో మనకు తెలియనిదేమీ కాదు. మాస్కు ఉండాలని అనేవాళ్లు చీరాలని దాటవేయకూడదు, వద్దనేవాళ్లు నెల్లూరుని మరిచిపోకూడదు.

లాఠీ లేకుండా నడుస్తుందా? బంగ్లాదేశ్ పరిశోధకులు ఆ సంగతీ పరీక్షించారు. ఫోన్లకి మెసేజీలు పంపారు, ఊరికి డబ్బు బహుమతులు పెట్టారు. వాటివల్ల పెద్దగా ఫలితం లేదు. ఇంటికెళ్లి ఊరికే మాస్కు ఇవ్వడం, ఊళ్లో నలుగురూ గౌరవించేవాళ్లు ముందు పెట్టుకోవడం, బజారులో మసీదు దగ్గర ఎదురుపడి మర్యాదగా గుర్తుచేయడం... పనిచేసినవి ఇవీ. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచుతామని, స్వయంసహాయక సంఘాల మహిళలతో కుట్టించడం మొదలుపెట్టింది. ఆడవాళ్లకి పనీ, జనానికి మాస్కూ ఒకేసారి దొరికే ఆ దారే మంచిది. తెలంగాణలో పెట్టిన వెయ్యి రూపాయల జరిమానా రోజుకూలీకి రెండు రోజుల సంపాదన. దాంట్లో వందో వంతుకే మాస్కు వచ్చేది.

ఎక్కడ ముందు, ఎక్కడ చివర?

మాస్కు జీవితాంతం ఉండాలని ఎవరూ అనరు. హాంకాంగ్‌లో బయట వీధిలో నడుస్తున్నా సరే మాస్కు ఉండాలన్న నిబంధన రెండున్నరేళ్లకు పైగా, 2023 మార్చి 1 దాకా సాగింది. ఖాళీ సముద్రతీరంలో ఒంటరిగా నడిచే మనిషి మూతికి గుడ్డ ఉన్నందువల్ల ఎవరికి మేలు? అనవసరమైనచోట బిగిస్తే అవసరమైనచోట వదులవుతుంది.

వరుసగా సడలించడం ఎలాగో దక్షిణ కొరియా చూపించింది. 2022 సెప్టెంబరుకి ఆరుబయట పూర్తిగా తీసేసింది. 2023 జనవరి 30న చాలావరకు నాలుగు గోడల మధ్యా తీసేసింది. బస్సులు, రైళ్లలో మరో ఏడు వారాలు ఉంచి మార్చి 20న తీసేసింది. పెద్దాసుపత్రుల్లో మాత్రం 2024 వసంతం దాకా ఉంచింది. లండన్‌లో 2022 జనవరి చివర్లో ప్రభుత్వ నిబంధన పోయినా, అక్కడి రవాణా సంస్థ టికెట్టు షరతుగా మరో నెలపాటు మాస్కు కొనసాగించింది. ఈ రెండుచోట్లా కనిపించే సూత్రం ఒకటే. తప్పించుకునే వీలున్నచోట ముందు తీయాలి, వీలులేనిచోట చివర తీయాలి.

మాస్కువల్ల నష్టపోయేవాళ్లూ ఉన్నారు. పెదవుల కదలిక చూసి మాట పట్టుకునే బధిరులకి అది మాటనే మింగేసింది. వాళ్లతో మాట్లాడేవాళ్లకి మూతి కనిపించే పారదర్శక మాస్కులు ఉన్నాయి, సరిపడా దొరకాలి. అయిదేళ్లలోపు పిల్లలకి తప్పనిసరి చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసే చెప్పాయి. మే నెల ఎండలో మూటలు మోసే హమాలీ మాస్కు బిగించి పనిచేయలేడు. ఇలాంటి మినహాయింపులు ముందే రాసిపెట్టుకుంటే మిగతావాళ్లు తప్పించుకోవడానికి సాకులు దొరకవు.

సర్జికల్ మాస్కు... సరిగ్గా ఇలా

* రంగు ఉన్న వైపు బయటికి, తెలుపు మూతివైపు. పైఅంచులో సన్నటి తీగ ఉంటుంది, దాన్ని ముక్కు ఒంపుకి నొక్కాలి.
* మడతలు విప్పి గడ్డం కిందిదాకా లాగాలి. ముక్కు బయటుంటే పెట్టుకోనట్టే లెక్క.
* మూడు పొరల్లో వడపోత పనంతా నడిమి పొరదే. ఉతికితే అది పాడవుతుంది.
* పక్కల ఖాళీ ఉంటే చెవితాళ్లు మాస్కు అంచు దగ్గర ముడివేసి, మిగిలిన మడత లోపలికి తోయాలి.
* రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు తమకోసం ఎన్‌95 వాడుకోవడం మేలు. అయినా ఎదుటివాళ్ల మాస్కు అవసరం తీరదు.

ఇప్పుడేం చేయాలి?

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. తర్వాతి మహమ్మారి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు గానీ, అది వచ్చినప్పుడు మొదటి నెలలో మాస్కు పెట్టుకోమంటే జనం పెట్టుకుంటారు. భయమే ఆ పని చేయిస్తుంది. అసలు పరీక్ష ఆరో నెలలో, పన్నెండో నెలలో వస్తుంది. భయం తగ్గి విసుగు పెరిగే ఆ సమయానికి నిబంధన ఎప్పుడు, ఎక్కడ, ఏ వరసలో సడలుతుందో ముందే ప్రకటించి ఉండాలి. అలా ఉంటే ఏ వ్యాపారుల ఒత్తిడికో, ఏ ఎన్నికల సభకో అది లొంగదు. ప్రజలకీ ఒక ముగింపు కనిపిస్తుంది. కనిపించే ముగింపు ఉంటే ఓపిక ఉంటుంది.

దానికి మహమ్మారి దాకా ఆగక్కర్లేదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. కీమో వార్డు, డయాలసిస్ యూనిట్, ఛాతీ ఆసుపత్రి ఓపీ... ఈ మూడుచోట్ల మాస్కు శాశ్వత నిబంధన కావాలి. గేటు దగ్గర పెట్టె పెట్టి ఊరికే ఇవ్వాలి. ముందుగా అక్కడి డాక్టర్లూ సిబ్బందీ పెట్టుకోవాలి. అలా చేస్తే కీమో చేయించుకున్న ఆ అమ్మాయి ఎవరినీ బతిమాలుకోకుండా తన పేరు పిలిచేదాకా కూర్చోగలుగుతుంది. ఆమె అడగాల్సి వచ్చిందంటే నిబంధన అప్పటికే విఫలమైనట్టు.